పేరు తెలియక ఆపిందా, సరుకు లేక ఆపిందా?

ప్రశ్న: నమస్తే సార్. కోఠి ఇందర్‌బాగ్‌లో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో పనిచేస్తున్నా. పేరుకి అకౌంట్స్ అసిస్టెంట్‌ని, కంప్యూటర్‌కి సంబంధించి ఏదొచ్చినా నా నెత్తిమీదే. మా స్టాక్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ డేటాబేస్ మీద నడుస్తుంది. పాత సర్వర్‌లో సెంటాస్ 7 (లినక్స్‌లో ఒక రకం) ఉంది. అది ముసలిదైపోయిందని మా సేటు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి కొత్త మెషీన్ తెప్పించారు, 32 జీబీ ర్యామ్. దాంట్లో రాకీ లినక్స్ 8 వేశాను. ఒరాకిల్ 19సీ ఇన్‌స్టాలర్ మొదలుపెట్టగానే 'ఐఎన్ఎస్-08101, సపోర్టెడ్ఓఎస్‌చెక్ దగ్గర అనుకోని ఎర్రర్' అంటోంది. అమీర్‌పేటలో నాతో కోర్సు చేసిన ఫ్రెండ్‌ని అడిగితే 'ఈటీసీ ఫోల్డర్‌లో రెడ్‌హ్యాట్-రిలీజ్ అనే ఫైల్ తెరిచి 8 తీసి 7 అని రాసెయ్, అయిపోతది' అన్నాడు. నిజంగా అయిపోతదా? తర్వాత ఏమన్నా తిప్పలొస్తాయా? సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లని అడిగితే 'అది మీ ఓఎస్ సమస్య' అంటున్నారు. 20వ తారీఖు జీఎస్టీ రిటర్న్ ఉంది. వచ్చే ఆదివారానికల్లా కొత్త సర్వర్ మీదికి మారిపోవాలని సేటు పట్టుబట్టారు. నా పేరు వేయకండి సార్.

జవాబు: తమ్ముడూ, మీ ఫ్రెండ్ చెప్పినట్టు చేస్తే ఆ వార్నింగ్ పోయే అవకాశం ఉంది. అయినా చేయకండి. అదే పనిని ఇంకెక్కడా చెయ్యి పెట్టకుండా చేసుకునే దారి ఒరాకిల్ వాళ్లే ఇచ్చారు, అది చెబుతాను. దానికంటే ముందు అసలు ఏం జరిగిందో తెలిస్తే, రేపు ఇంకో సాఫ్ట్‌వేర్ ఇలాగే మొరాయించినప్పుడు మీకు ఎవరికీ ఉత్తరం రాయాల్సిన పని ఉండదు.

ఆ ఎర్రర్ బాక్సులో కింద ఇంకో రెండు లైన్లు ఉంటాయి, మీరు రాయలేదు. కారణం అన్నచోట 'అదనపు సమాచారం ఏదీ లేదు' అని ఉంటుంది. ఆ కింద సారాంశంలో 'నల్ పాయింటర్ ఎక్సెప్షన్' అని జావా గొణుగుడు ఒకటి ఉంటుంది. చాలామంది అక్కడిదాకా చదవరు. నిజానికి గుట్టంతా అక్కడే ఉంది. ఇన్‌స్టాలర్ మీ ఓఎస్‌ని పరీక్షించి, పనికిరాదని తేల్చి ఆపలేదు. తన దగ్గరున్న పట్టికలో మీ ఓఎస్ పేరు వెతికింది, దొరకలేదు, దొరక్కపోతే ఏం చేయాలో దానికి ఎవరూ నేర్పలేదు, అందుకని కాలు తడబడి పడిపోయింది. పట్టికలో ఎందుకు లేదంటే, మీరు డౌన్‌లోడ్ చేసిన 19సీ జిప్ ఫైల్ వెర్షన్ 19.3. అది లినక్స్ కోసం బయటికొచ్చింది 2019 ఏప్రిల్‌లో. మీ రాకీ 8కి మూలమైన రెడ్‌హ్యాట్ 8 విడుదలైంది 2019 మే 7న. నిండా నెల కూడా తేడా లేదు, కానీ ముందు పుట్టినదానికి వెనక పుట్టేదాని పేరు ఎలా తెలుస్తుంది? ఆ జిప్ ఈ రోజుకీ అదే. మీరు ఏ సంవత్సరంలో డౌన్‌లోడ్ చేసుకున్నా లోపలున్న పట్టిక 2019 ఏప్రిల్ నాటిదే.

మీ వ్యాపారంలో మాటే చెబుతాను. కౌంటర్‌కి ఎప్పుడూ చూడని కంపెనీ పేరుతో ఒక పారాసిటమాల్ 650 డబ్బా వచ్చిందనుకోండి. కొత్త కుర్రాడు 'ఇది మన లిస్టులో లేదన్నా' అని పక్కన పెట్టేస్తాడు. వాడి తప్పు కాదు. మీరు డబ్బా తిప్పి, లోపలి మందు పేరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ చూసి తీసుకుంటారు. అదే ఇన్సులిన్ డబ్బా మామూలు అట్టపెట్టెలో ఎండకి వచ్చిందనుకోండి. పేరు లిస్టులో ఉన్నా, బిల్లు సక్రమంగా ఉన్నా, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం లేకుండా వచ్చిన సరుకు సరుకు కాదు. అక్కడ లిస్టు దిద్దితే లాభం లేదు. ఓఎస్ వార్నింగులు కూడా ఈ రెండు జాతులే. పేరు తెలియక ఆపేది ఒకటి, కావలసింది లోపల లేక ఆపేది ఇంకోటి. మొదటిదాన్ని దాటొచ్చు. రెండోదాన్ని దాటితే అది ఇంకాస్త ముందుకెళ్లి, మరీ కష్టమైన చోట ఆపుతుంది. మీకొచ్చిన 08101 మొదటి జాతి.

పేరు దగ్గర తడబడటం ఒక్క ఒరాకిల్‌కే ఉన్న జబ్బు కాదు లెండి. విండోస్ 7కి లోపలి వెర్షన్ నంబర్ 6.1 అని మీకు తెలుసో లేదో. విస్టా 6.0 కదా, తర్వాతిది 7.0 అనొచ్చుగా? మొదటి అంకె మారితే 'ఈ విండోస్ నాకు తెలియదు' అని మొండికేసే ప్రోగ్రాములు బోలెడు ఉన్నాయని మైక్రోసాఫ్ట్ వాళ్లే భయపడ్డారు. 2011 జులైలో లినక్స్ కెర్నెల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) 2.6 నుంచి 3.0కి మారినప్పుడు కూడా ఇదే గోల. వెర్షన్ ఎప్పుడూ 2.6తోనే మొదలవుతుందని రాసుకున్న ప్రోగ్రాములు తెల్లమొహం వేశాయి. వాటికోసం 'నేనింకా 2.6నే' అని కెర్నెల్ చేతే చెప్పించే సదుపాయం పెట్టారు. సెట్ఆర్క్ అనే కమాండ్‌లో యూనేమ్-2.6 అనే ఆప్షన్ ఇప్పటికీ ఉంటుంది. ఇక్కడొకటి గమనించండి. ఆ అబద్ధం ఆ ఒక్క ప్రోగ్రాముకే చెబుతుంది, మిగతా మెషీన్ అంతటికీ కాదు. మీ ఫ్రెండ్ సలహాతో నా పేచీ సరిగ్గా ఇక్కడే.

ఈ పేచీ నాకు ఊరికే రాలేదు. 2008లో సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ని. రెడ్‌హ్యాట్ 5 మీద ఒరాకిల్ 10జీ వేయాలి. ఇన్‌స్టాలర్ తనకి నచ్చిన పేర్లన్నీ ఏకరువు పెట్టింది: రెడ్‌హ్యాట్-3, సూసే-9, రెడ్‌హ్యాట్-4, యునైటెడ్‌లినక్స్-1.0, ఏషియానక్స్-1, ఏషియానక్స్-2. వీటిలో ఒకటైతేనే రానిస్తుందట. ఏషియానక్స్ అంటే ఏంటో ఆ గదిలో ఉన్న నలుగురిలో ఒక్కడికీ తెలియదు. నేను మీ ఫ్రెండ్ చెప్పిందే చేశాను. రెడ్‌హ్యాట్-రిలీజ్ ఫైల్ తెరిచి 5 చెరిపి 4 కొట్టాను. ఇన్‌స్టాలర్ కిక్కురుమనకుండా లోపలికి పోయింది. ఆ తర్వాత నేను ఇంటికి పోయాను. ఫైల్ వెనక్కి మార్చడం మర్చిపోయాను.

మరుసటి ఏడాది బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వేయడానికి వేరే కంపెనీ ఇంజినీర్ వచ్చాడు. అతని స్క్రిప్ట్ ఆ ఫైలే చదివి, ఇది 4 కదా అని 4కి తయారుచేసిన ఏజెంట్ ప్రోగ్రాముని పెట్టింది. ఏజెంట్ లేస్తుంది, పచ్చలైటు వెలుగుతుంది, రాత్రి బ్యాకప్ మొదలవుతుంది, నడిమధ్యలో చస్తుంది. మూడు శనివారాలు కూర్చున్నాం. కేబుల్ మార్చాం, టేప్ మార్చాం, చివరికి కార్డు కూడా మార్చాం. మూడో శనివారం రాత్రి ఆ ఇంజినీర్ ఎందుకో క్యాట్ కమాండ్ కొట్టి ఆ ఫైల్ చూశాడు. పక్కనే యూనేమ్ కమాండ్ కొడితే కెర్నెల్ 5ది. 'ఇందులో 4 అని ఎవరు రాశారు సార్?' అన్నాడు. గదిలో అందరూ నావైపు చూశారు. 'కస్టమర్ ఓఎస్ ఫైల్ మార్చారు' అని రాసుకుని టికెట్ మూసేసి వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టలేను. బాధేంటంటే, అప్పట్లోనే ఇన్‌స్టాలర్‌కి ఇగ్నోర్-సిస్-ప్రీరెక్స్ అనే ఆప్షన్ ఉండేది. అది ఒక్కటి పక్కన తగిలిస్తే ఆ పేర్ల పరీక్ష దాటిపోయేది, ఫైల్ ముట్టుకునే పనే ఉండేది కాదు. 10జీని రెడ్‌హ్యాట్ 5 మీద ఒరాకిల్ వాళ్లు అధికారికంగానే ఒప్పుకున్నారు కూడా.

ఇక మీ సర్వర్ సంగతి.

మొదట, మీకు నచ్చని మాట. రాకీ తీసేసి ఒరాకిల్ లినక్స్ 8 వేసుకోండి. రాకీ మంచిదే, నేనూ రెండు చోట్ల నడుపుతున్నా. సెంటాస్ 8ని 2021 చివర్లో ఆపేసినప్పుడు రాకీ, ఆల్మా లేకపోతే మనలాంటివాళ్లం రోడ్డున పడేవాళ్లం. కానీ ఒరాకిల్ డేటాబేస్‌కి ఒరాకిల్ వాళ్లు ఒప్పుకునే లినక్స్ లిస్టులో ఒరాకిల్ లినక్స్, రెడ్‌హ్యాట్, సూసే ఉంటాయి. రాకీ ఉండదు. రాకీ, ఒరాకిల్ లినక్స్, రెడ్‌హ్యాట్ మూడూ ఒకే చెట్టు కొమ్మలే, మీ డేటాబేస్ రాకీ మీద హాయిగా నడవొచ్చు. తేడా వచ్చేది సమస్య వచ్చిన రోజున. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఇప్పటికే 'మీ ఓఎస్ సమస్య' అనడం మొదలుపెట్టారు. ఆ మాట వాళ్ల నోట్లోంచి ఊడబెరకాలంటే లిస్టులో ఉన్న ఓఎస్ మీకు ఉండాలి. ఒరాకిల్ లినక్స్ డౌన్‌లోడ్‌కి, అప్‌డేట్లకి పైసా కట్టక్కర్లేదు, సపోర్ట్ కావాలంటేనే డబ్బు. మీ సర్వర్ ఇంకా ఖాళీ, అందులో ఒక్క బిల్లు కూడా లేదు. ఓ పూట పని. డేటా ఎక్కాక ఈ సలహా ఎవరిచ్చినా మీరు వినలేరు, వినకూడదు కూడా.

కొత్తదే కావాలి కదా అని 9కి ఎగబడకండి. 19సీని 9 మీద ఒరాకిల్ ఒప్పుకునేది 19.19 అప్‌డేట్ నుంచే. మీ చేతిలో ఉన్న ఒట్టి 19.3ని 9 మీద పెడితే, పేరు దగ్గర ఎలాగోలా దాటించినా తర్వాత లింకింగ్ దశలో (ప్రోగ్రాముని లైబ్రరీలతో కలిపే చోట) ఇరుక్కునే ప్రమాదం ఉంది. దాదాపు ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ 8లో 2.28, 9లో 2.34. ఆ 2.34లో, అంతదాకా విడివిడిగా ఉన్న పీథ్రెడ్ లాంటి లైబ్రరీలని మెయిన్ లైబ్రరీలో కలిపేశారు. పాత ఇన్‌స్టాలర్ వాటిని పాత చోటే వెతుక్కుంటుంది. చూశారా, ఇది రెండో జాతి. ఇన్సులిన్ డబ్బా.

ఒరాకిల్ లినక్స్ 8 పడ్డాక రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) డీఎన్ఎఫ్ కమాండ్‌తో ఒరాకిల్-డేటాబేస్-ప్రీఇన్‌స్టాల్-19సీ అనే ప్యాకేజీ వేయండి. కావలసిన లైబ్రరీలు, కెర్నెల్ సెట్టింగులు, లిమిట్లు, ఒరాకిల్ అనే యూజర్, గ్రూపులు, అన్నీ అదే చూసుకుంటుంది. చేత్తో ఒక్కోటి వేసుకుంటూ పోవడం కోర్సులో నేర్పడానికి బాగుంటుంది, ఆఫీసులో వద్దు. తర్వాత ఒరాకిల్ యూజర్‌గా లాగిన్ అయి, జిప్‌ని నేరుగా ఒరాకిల్ హోమ్ ఫోల్డర్‌లోనే విప్పాలి. 18సీ నుంచి పద్ధతి మారింది. ఎక్కడో విప్పి ఇంకెక్కడికో ఇన్‌స్టాల్ చేయడం ఇప్పుడు లేదు, విప్పినచోటే హోమ్.

ఇప్పుడు ఆ మంత్రం. ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లిష్‌లో, పేరంతా పెద్ద అక్షరాల్లో టైప్ చేయాలి: సీవీ, అండర్‌స్కోర్, అస్యూమ్, అండర్‌స్కోర్, డిస్ట్‌ఐడీ. డిస్ట్‌కీ ఐడీకీ మధ్య ఖాళీ గానీ గీత గానీ లేదు. ముందు ఎక్స్‌పోర్ట్ అని పెట్టి, ఆ పేరు రాసి, ఈక్వల్ గుర్తు కొట్టి, ఓఈఎల్7.8 అని ఇవ్వండి. 'ఈ ఓఎస్ గుర్తు దొరక్కపోతే ఒరాకిల్ లినక్స్ 7.8 అనుకో' అని ఇన్‌స్టాలర్ చెవిలో చెప్పడమన్నమాట. ఇది దొడ్డిదారి కాదు, 8 మీద 19సీ వేయడానికి ఒరాకిల్ వాళ్ల సూచనల్లో ఉన్నదే. హోమ్ ఫోల్డర్ కింద సీవీ, దాని కింద అడ్మిన్, అందులో సీవీయూ-కాన్ఫిగ్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది, తెరిచి చూడండి. ఇదే పేరుతో ఒక లైన్ వాళ్లే రాసిపెట్టారు. కావాలంటే అక్కడ కూడా మార్చుకోవచ్చు. నాకు మాత్రం ఎక్స్‌పోర్టే ఇష్టం. టెర్మినల్ మూసేస్తే దాంతోపాటే పోతుంది, నాలాంటి మతిమరుపువాళ్లకి అదే మేలు.

దీనిలో పదిమందిలో ఏడుగురు బోల్తాపడే చోటొకటుంది. రూట్‌గా ఉండి ఎక్స్‌పోర్ట్ కొడతారు. తర్వాత ఎస్‌యూ, ఖాళీ, హైఫన్, ఒరాకిల్ అని యూజర్ మారతారు. ఆ హైఫన్ ఉందే, అది పాత వాతావరణం అంతా ఊడ్చేసి కొత్త లాగిన్‌లా మొదలుపెడుతుంది. మీ ఎక్స్‌పోర్ట్ కూడా ఆ ఊడుపులో పోతుంది. మళ్లీ అదే 08101. 'నెట్‌లో చెప్పింది కూడా పనిచేయలేదు' అని అప్పుడు ఫైల్ మార్చడానికి పోతారు. ముందు ఒరాకిల్ యూజర్‌కి మారండి, ఆ తర్వాత ఎక్స్‌పోర్ట్ కొట్టండి, అదే విండోలో ఎకో కొట్టి విలువ కనబడుతోందో లేదో చూడండి, అక్కడి నుంచే రన్‌ఇన్‌స్టాలర్ లేపండి.

మీ సాఫ్ట్‌వేర్‌వాళ్లకి ఒరాకిల్ సపోర్ట్ లాగిన్ ఉంటే ఇంకో మెట్టు ఎక్కించండి. 8 మీద 19సీని ఒరాకిల్ ఒప్పుకునేది 19.7 అప్‌డేట్ నుంచి. అంటే ఒట్టి 19.3తో ఆగిపోతే లిస్టులో ఉన్న ఓఎస్ మీద లిస్టులో లేని డేటాబేస్ నడుపుతున్నట్టు. ఇటీవలి ఆర్‌యూ (ఆ అప్‌డేట్ల ప్యాచ్) ఒకటి, దాన్ని వేసే పనిముట్టు ఓప్యాచ్ కొత్తది ఒకటి తెప్పించుకోండి. ఓప్యాచ్ నంబర్ 6880880, ఏళ్లుగా అదే నంబర్. హోమ్‌లో ఉన్న పాత ఓప్యాచ్ ఫోల్డర్ పక్కన పెట్టి కొత్తది విప్పి, రన్‌ఇన్‌స్టాలర్‌కి అప్లైఆర్‌యూ ఆప్షన్‌తో ఆ ప్యాచ్ ఉన్న దారి ఇస్తే, ముందు హోమ్‌ని ప్యాచ్ చేసుకుని తర్వాత స్క్రీన్ తెరుస్తుంది. ఆ ప్యాచ్ వేసేటప్పుడు చాలాసేపు ఏమీ కదలనట్టు ఉంటుంది. కంగారుపడి కంట్రోల్-సీ కొట్టకండి. ఆ లాగిన్ అమ్మినవాళ్ల దగ్గర ఉండి కూడా ప్యాచ్ ఇవ్వకపోతే గట్టిగా అడగండి. మీరు ఏటా కట్టే ఏఎంసీ (మెయింటెనెన్స్ ఒప్పందం) దానికే.

పేరు గండం గడిచాక ప్రీరిక్విజిట్ స్క్రీన్ వస్తుంది. అక్కడ పసుపు త్రికోణాలు కొన్ని కనబడతాయి. కుడిచేతి వైపు పైన 'ఇగ్నోర్ ఆల్' అనే చిన్న గడి కూడా ఉంటుంది. ఆ గడి మీద చెయ్యి పడనివ్వకండి. ఐదు వార్నింగుల్లో నాలుగు ఉత్తవే అయినా ఐదోది నిజమైతే, నాలుగింటి గుంపులో అది కూడా దాటిపోతుంది. ఒక్కోదాన్ని నొక్కి వివరం చదవండి. మీకు రెండు రావచ్చని నా అంచనా.

ఒకటి, కంప్యాట్-లిబ్‌క్యాప్1 అనే ప్యాకేజీ లేదని అనొచ్చు. ఇది మీరు చెప్పించిన అబద్ధం ఫలితమే. 'నువ్వు 7వి అనుకో' అన్నారు కదా, అది 7కి కావలసిన ప్యాకేజీలు అడుగుతోంది. 8లో ఆ ప్యాకేజీయే లేదు, ఎక్కడా వెతకకండి, ఏదో సైట్ నుంచి 7ది తెచ్చి బలవంతంగా ఎక్కించకండి. దాన్ని ఒక్కదాన్నే ఇగ్నోర్ చేయొచ్చు. రెండోది స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు. ర్యామ్ 16 జీబీ దాటితే ఒరాకిల్ 16 జీబీ స్వాప్ అడుగుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆటోమేటిక్ పార్టిషన్‌కి వదిలేసి ఉంటే మీ 32 జీబీ మెషీన్‌లో స్వాప్ అంతకంటే తక్కువే వచ్చి ఉంటుంది. ఇది కూడా పసుపు త్రికోణమే, చూడ్డానికి మొదటిదానికి కవల. కానీ ఇది సరుకు లేని జాతి. నెలాఖరున అందరూ ఒకేసారి స్టాక్ రిపోర్టులు తీస్తుంటే మెమరీ నిండితే, లినక్స్ కెర్నెల్ తనని తాను కాపాడుకోవడానికి పెద్ద ప్రాసెస్‌ని వెతికి చంపుతుంది. ఆ మెషీన్‌లో పెద్ద ప్రాసెస్ ఏముంటుంది? మీ డేటాబేసే. కాబట్టి ఇగ్నోర్ చేయకుండా డీడీ కమాండ్‌తో స్వాప్ ఫైల్ ఒకటి తయారుచేసి, పర్మిషన్ 600 పెట్టి, ఎమ్‌కేస్వాప్, స్వాప్ఆన్ కొట్టి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక లైన్ రాసుకోండి. పది నిమిషాలు. తిరిగి 'చెక్ ఎగైన్' నొక్కితే ఆ త్రికోణం దానంతటదే పోతుంది. కెర్నెల్ పారామీటర్ల గురించి ఏమన్నా అడిగితే ఇన్‌స్టాలరే రన్‌ఫిక్సప్ అనే స్క్రిప్ట్ చేసిస్తుంది, రూట్‌గా నడపండి చాలు.

ఏది ఏ జాతో ఎలా తెలుస్తుంది అని మీకు అనుమానం రావచ్చు. వార్నింగ్ దేనిగురించి మాట్లాడుతోందో చూడండి. పేరు, వెర్షన్ నంబర్, 'సపోర్టెడ్ లిస్ట్' అని మాట్లాడితే చాలావరకు పేరు గొడవ. ఫలానా లైబ్రరీ లేదు, ఫలానా సింబల్ లేదు, ప్రాసెసర్‌లో ఫలానా సౌకర్యం లేదు అంటే సరుకు గొడవ. ఉదాహరణకి మాంగోడీబీ 5.0కి ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ అనే సౌకర్యం ఉండాలి. పాత సెకండ్‌హ్యాండ్ మెషీన్ మీద వేస్తే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని చచ్చిపోతుంది. అక్కడ ఏ ఫైల్‌లో ఏం రాసినా సిలికాన్ మారదు. అనుమానంగా ఉంటే లాగ్ చూడండి, టెంప్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ఆక్షన్స్ అని తేదీతో ఒక ఫోల్డర్ ఉంటుంది. స్క్రీన్ మీద ఒక్క ముక్కలో చెప్పింది అక్కడ విడమర్చి ఉంటుంది.

సరుకు గొడవల్లో రాజు లాంటిది 'జీలిబ్‌సీ ఫలానా వెర్షన్ దొరకలేదు' అనేది. ఇది మీకు ఇప్పుడు రాలేదు, కానీ మీ ఫ్రెండ్ దీనికి ఇచ్చే సలహా కూడా నాకు తెలుసు: 'కొత్త ఓఎస్ నుంచి ఆ ఫైల్ కాపీ చేసి లిబ్64లో పెట్టెయ్.' తమ్ముడూ, ఆ మెషీన్‌లో ఎల్ఎస్, సీపీ, బ్యాష్, ఎస్ఎస్‌హెచ్, దాదాపు అన్నీ ఆ ఒక్క ఫైల్ మీద నిలబడి ఉంటాయి. అది చెడితే తప్పు సరిదిద్దుకోవడానికి కాపీ కమాండ్ కూడా లేవదు. రెస్క్యూ డీవీడీ పెట్టి బూట్ చేయడం తప్ప దారి ఉండదు. అలాగే ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 ఫైల్‌కి 1.1 పేరుతో సింబాలిక్ లింక్ పెట్టడం కూడా వేస్ట్. ప్రోగ్రాము ఫైల్ పేరుతో సరిపెట్టుకోదు, లోపలి సింబల్స్ వెర్షన్ కూడా చూస్తుంది. నిజంగా పాత లైబ్రరీలే కావలసిన సాఫ్ట్‌వేర్ అయితే దానికి పాత ఓఎస్ ఉన్న వర్చువల్ మెషీన్ ఇవ్వండి, లేదా కంటైనర్ ఇవ్వండి. కంటైనర్‌కి కెర్నెల్ మాత్రం హోస్ట్‌దే ఉంటుంది, కాబట్టి గొడవ కెర్నెల్‌తో అయితే అది కూడా పనికిరాదు.

మీరు అడగలేదు కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. కొత్త డేటాబేస్ సృష్టించే ముందు పాత సర్వర్‌లో క్యారెక్టర్ సెట్ (అక్షరాలని దాచే పద్ధతి) ఏముందో చూసుకోండి. ఎన్ఎల్ఎస్-డేటాబేస్-పారామీటర్స్ అనే వ్యూలో ఉంటుంది. దాన్ని తర్వాత మార్చడం తలనొప్పి. మీ పాతది ఏ కాలంలోదో నాకు తెలియదు, కొత్తది ఏఎల్32యూటీఎఫ్8 పెడితే కొన్ని కాలమ్‌లలో అక్షరాలు ఎక్కువ చోటు తినొచ్చు. ఇది మీ సాఫ్ట్‌వేర్‌వాళ్లని అడిగి తేల్చుకోవాల్సిన విషయం, మనం ఊహించి పెట్టేది కాదు.

వాళ్లకి ఫోన్ చేయకండి, మెయిల్ రాయండి. ఫోన్లో 'మీ ఓఎస్ సమస్య' అన్నవాళ్లే మెయిల్‌లో అలా రాయడానికి తటపటాయిస్తారు. రెండే అడగండి: మీ సాఫ్ట్‌వేర్‌ని ఏ ఒరాకిల్ వెర్షన్, ఏ లినక్స్ వెర్షన్ మీద పరీక్షించారు? ఒరాకిల్ లినక్స్ 8 మీద 19సీ తాజా ఆర్‌యూతో పెడితే మీరు సపోర్ట్ ఇస్తారా, లేదా? జవాబు వచ్చాక దాన్ని ప్రింట్ తీసి, మీరు కొట్టిన ఎక్స్‌పోర్ట్ లైన్, ఇగ్నోర్ చేసిన ప్యాకేజీ పేరు, తారీఖు కింద రాసి, సర్వర్ కొన్న బిల్లు ఉన్న ఫైల్‌లోనే పెట్టండి. రేపు మీరు వేరే ఉద్యోగానికి పోతే మీ స్థానంలో వచ్చే కుర్రాడు మూడు శనివారాలు కూర్చోకుండా ఉంటాడు.

చివరిగా ఆదివారం సంగతి. 20న జీఎస్టీ 3బీ రిటర్న్ పెట్టుకుని, దానికి ముందు ఆదివారం సర్వర్ మార్చడం నాకు ససేమిరా ఇష్టం లేదు. సెంటాస్ 7కి అప్‌డేట్లు 2024 జూన్ 30తోనే ఆగిపోయాయి, నిజమే, మార్చాల్సిందే. కానీ ఇన్నాళ్లు ఆగినవాళ్లు ఇంకో వారం ఆగితే కొత్తగా మునిగేదేం లేదు. ఈ ఆదివారం కొత్త మెషీన్‌లో ఓఎస్, ఒరాకిల్ వేసి, పాతదాని ఎక్స్‌పోర్ట్ డంప్ ఒకటి ఎక్కించి, రిపోర్టులు రెండిట్లోనూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. 20 దాటాక వచ్చే ఆదివారం అసలు మార్పు. పాత సర్వర్‌ని మాత్రం రెండు నెలలు ప్లగ్ పీకి మూలన ఉంచండి, అమ్మనివ్వకండి.

సేటుకి ఇంత కథ చెప్పక్కర్లేదు. వాట్సాప్‌లో ఇలా పెట్టండి: 'సేట్, కొత్త సర్వర్ రెడీ అవుతోంది. ఈ ఆదివారం ట్రయల్, రిటర్న్ ఫైల్ అయ్యాక వచ్చే ఆదివారం షిఫ్టింగ్. మధ్యలో బిల్లింగ్ ఒక్క గంట కూడా ఆగదు. సాఫ్ట్‌వేర్‌వాళ్ల నుంచి రాతపూర్వకంగా ఒక జవాబు కావాలి, మీరు కూడా ఒకసారి ఫోన్ చేసి అడగండి.' ఆ చివరి లైన్ తీసేయకండి. మీరు పది మెయిల్స్ పెట్టినా రానిది, ఏఎంసీ చెక్కు మీద సంతకం పెట్టే ఆయన ఒక్క ఫోన్ చేస్తే ఆ సాయంత్రానికే వస్తుంది.